ఇందులో చార్మినార్ ఏది?

హైదరాబాద్ మీద చేసిన గుడ్డపని ఏదైనా గోడకు వేలాడుతుంటే, దాని ముందు ఆగినవాళ్లలో ఒకరైనా అనే మాట ఇది: “బాగనే ఉంది గానీ, ఇందులో చార్మినార్ ఏది?” అడిగినవాళ్లది తప్పని నేననను. ఊరి పేరు చెప్పి బొమ్మ చూపిస్తే ఆనవాలు వెతుక్కోవడం ఎవరికైనా సహజమే. నా పేచీ కుట్టేవాళ్లతో, నేయించేవాళ్లతో, డిజైను గీసిచ్చేవాళ్లతో. ఆ ప్రశ్న వస్తుందని ముందే బెదిరి, గుడ్డ నడిమధ్య నాలుగు మినార్లు నిలబెట్టి, వెనకాల హైటెక్ సిటీ మేడలు, పక్కన బుద్ధుడు, కింద అంచుకు ముత్యాల దండ పేర్చేస్తారు. అక్కడికి ఊరు అయిపోయిందనుకుంటారు.

అట్లాంటి ఊరిని ఎవరూ చూడలేదు. హుస్సేన్ సాగర్ బుద్ధుడూ చార్మినార్ మెట్లూ సైబర్ టవర్సూ ఒకే చూపులో పట్టే చోటు ఈ ఊళ్లో లేదు. అది జాబితా. జాబితాను ఎంత సన్నటి దారంతో కుట్టినా జాబితాగానే మిగులుతుంది. గుడ్డ మీద ఊరు నిలవాలంటే ముందు ఒక మనిషి, ఒక చోటు, ఒక పూట తేలాలి. ఆ చూపుకు ఏ పని సరిపోతుందో, అంటే చిటికా (ఇకత్, నేతకు ముందే నూలును కట్టి రంగేసే పని), జంపఖానా నేతా, అతుకు పనా, కలంకారీనా అన్నది ఆ తర్వాత తేలాలి. మన దగ్గర ఎక్కువగా ఇది తిరగబడి జరుగుతోంది. ముందు ఫొటో వస్తుంది, తర్వాత “దీన్ని ఇకత్‌లో చేసిపెట్టండి” అనే ఆర్డరు వస్తుంది.

పాతవాళ్ల కన్ను దేని మీద పడింది

గోల్కొండ రాజ్యానికి రేవు మచిలీపట్నం. ఆ కాలపు రంగు గుడ్డల్లో బాగా పేరున్న ఒక తెర ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో ఏడు భాగాలుగా ఉంది. 17వ శతాబ్దం తొలి సగంలో మన తీరాన వేసిన పని. అందులో కమాన్ల కింద అంతస్తులు అంతస్తులుగా మనుషులు కనిపిస్తారు. టోపీల తెల్లవాళ్లు ఒక పలకలో ఉంటే, వేరే దేశాల వేషాలు వేరే పలకల్లో ఉంటాయి. కోటగోడ కన్నా, మసీదు గోపురం కన్నా, ఓడలు దిగి వచ్చిన వాళ్ల బట్టలే వేసినవాడి కంటికి ఎక్కువ ఆనాయి. టోపీ అంచు ఎట్లా వంగింది, చొక్కాకు గుండీలు ఎట్లా వరుసగా ఉన్నాయి అన్నది పట్టి చూశాడు. బట్టల పనివాడు పరాయి మనిషిలో ముందుగా చూసేది బట్టనే కదా.

తేలియా రుమాలు సంగతీ అంతే. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ మార్చి మార్చి నానబెట్టి రోజుల తరబడి పక్వం చేస్తారు, ఎరుపు గట్టిగా పట్టేందుకు. చీరాల, పుట్టపాక వైపు నేసి అరబ్బు దేశాలకు పంపిన ఈ రుమాళ్లలో గత శతాబ్దంలో విమానాలు, గడియారాలు వచ్చి చేరాయి. గళ్ల మధ్యన చతురస్రంలో ఇమిడిన విమానం. నింపాదిగా చూస్తే దాని రెక్కలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అవసరం కొద్దీ వచ్చిన మెట్లవి, అయినా ఆ విమానానికి అవే అందం. బెంగాల్‌లో బాలూచరీ చీరల కొంగుల్లో రైలుపెట్టెలు, పొగ ఓడలు, హుక్కా తాగే దొరలు వచ్చింది కూడా ఇట్లాగే. ఊళ్లోకి కొత్తగా వచ్చినదాన్ని ఆ నేతగాడు తన మగ్గానికి అర్థమయ్యే ఆకారంలోకి దింపుకున్నాడు.

వీటిల్లో దేనికీ “నగర జీవనం” అని పేరు పెట్టలేదు. అయినా ఆనాటి రేవు, ఆనాటి బజారు వాటిలో కనబడుతుంది. ఈ రోజు మనం నగరం అని పేరు పెట్టి మరీ చేస్తున్న చాలా పనుల్లో అది కనబడదు.

అంచు ఎటు చెదురుతుంది

ఇకత్ మేడల బొమ్మకు పనికిరాదని ఒక మాట తరచూ వినబడుతుంది, అంచులు చెదురుతాయని. చెదరడం నిజమే. ఎటు చెదురుతుందో తెలిస్తే అదే దాని బలం.

పేక (అడ్డపోగు) చిటికిలో నూలును ఆసు అనే మేకుల చట్రం మీద తోడి, గ్రాఫు కాగితం మీది గళ్ల లెక్కన గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. సైకిల్ ట్యూబు కోసిన పట్టీలే ఎక్కువ. అద్దకం అయ్యాక విప్పి, మరో రంగు కోసం మళ్లీ కడతారు. ఆ పోగు నాడెలోంచి అడ్డంగా పోతుంది కాబట్టి, జరిగితే అడ్డంగానే జరుగుతుంది. అందువల్ల నిలువు గీతల పక్కలు చెదురుతాయి. అడ్డ గీతలు మాత్రం ఒక పోగుకూ తర్వాతి పోగుకూ మధ్య తెగినట్టు శుభ్రంగా వస్తాయి. పడుగు (నిలువుపోగు) చిటికిలో ఇదే తలకిందులు. పక్కలు నిటారుగా, కోసినట్టు ఉంటాయి. తలా, మొదలూ చెదురుతాయి.

ఇప్పుడు గచ్చిబౌలి మేడలను ఎవరు చూస్తున్నారో అడగండి. బస్సు కిటికీలోంచి చూసేవాడికి మేడల పక్కలు అడ్డంగా సాగిపోతుంటాయి. వాడి చూపు పేక చిటికి. ఏప్రిల్ ఎండలో కింద నిలబడి తలెత్తి చూసే తాపీమేస్త్రీకి గోడలు నిటారుగానే ఉంటాయి, పైఅంతస్తులు మాత్రం తెల్లటి వేడిలో కరిగిపోతాయి. వాడి చూపు పడుగు చిటికి. మేడ ఒకటే, రంగులు అవే, కట్టే నూలు మారిందంతే. ఈ ఒక్క నిర్ణయం డిజైనరు తీసుకోకపోతే నేతగాడు తనకు అలవాటైనదే చేస్తాడు. ఎక్కువగా అది పేకే అవుతుంది, ఎందుకంటే ఒక పడుగు ఎక్కించాక పేక మార్చుకుంటూ రకరకాల బొమ్మలు తీయొచ్చు.

చెడేది ఎక్కడంటే కొలతలో. ఫొటోను కంప్యూటర్లో గళ్లుగా మార్చి, ఒక్కో గడి 1 మిల్లీమీటరు లెక్కన అచ్చు తీసి పట్టుకొస్తారు. నూలు మగ్గం మీద 2, 3 మిల్లీమీటర్లు జరగడం మామూలు. కట్టు కింద రంగు ఎంతోకొంత పాకడమూ మామూలే. రెండూ కలిసేసరికి మిల్లీమీటరు కిటికీలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి బురద అవుతాయి. ఏ ఆకారమైనా జరుగుబాటుకు కనీసం నాలుగింతలు, అంటే సెంటీమీటరుకు తగ్గకుండా ఉండాలి. మీటరు ఎత్తు గుడ్డలో సెంటీమీటరు కిటికీలు ఎన్ని పడతాయో లెక్కేస్తే, మేడలో ఏ కిటికీలు ఉంచాలో, ఏవి వదలాలో తేల్చుకోక తప్పదు.

ఈ పనిలో ఒళ్లు హూనమయ్యే సంగతి మరవొద్దు. ఒక్క చీరకు ఆసు పోయడానికి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంత శ్రమ ముందుంది కాబట్టి, పనికిరాని 300 కిటికీలను గ్రాఫులో ఉంచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఒకే ఫ్లైఓవర్, రెండు గుడ్డలు

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు. 2009 నుంచి నడుస్తోంది. పైన పోయేవాళ్లకు ఊరంటే రెండో అంతస్తు నుంచి మొదలవుతుంది. నల్ల నీళ్ల ట్యాంకులు, డాబాల మీద ఆరేసిన బట్టలు, పిట్టగోడలకు ఆన్చిన మంచాలు కంటి ఎత్తులో ఉంటాయి. కింద ఉండేవాళ్లకు ఊరంటే అంకెలు. అత్తాపూర్‌లో ఎవరినైనా అడ్రసు అడగండి, పిల్లర్ నంబరు చెప్తారు. పెళ్లి కార్డుల మీద కూడా అచ్చేస్తారు. ఈ రెంటినీ ఒకే గుడ్డ మీద పెట్టబోతే రెండూ పోతాయి.

పై చూపుకు అతుకు పని సరిపోతుంది, ఎందుకంటే డాబాల మీద కనబడేదే గుడ్డ. 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు పలక అనుకుందాం. అడుగుకు గాడా, అంటే ముతక నూలు గుడ్డ. రాత్రంతా నానబెట్టి, వేడినీళ్లలో సబ్బుతో ఉతికి గంజి పోగొట్టి, తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఈ పని ఎగ్గొడితే, మొత్తం కుట్టాక మొదటి ఉతుకుకు అడుగు ముడుచుకుని పైముక్కలన్నీ బుడగలు తేలతాయి. నాలుగు వైపులా 10 సెంటీమీటర్లు వదిలి కోయాలి, కత్తెర పెట్టేముందు ఒక పోగు లాగి ఆ దారిలోనే కోయాలి. కంటి కొలతతో కోస్తే గోడకు వేలాడదీశాక మూల వంకరపోతుంది.

ముక్కలకు పాత చీరలే మేలు, చాలా ఉతుకులకు మెత్తబడి ఉంటాయి గనుక. ముదురు రంగులను మాత్రం నమ్మొద్దు. ముక్కను తడిపి, మీద తెల్ల గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె అదిమితే రంగు దిగేది తెలిసిపోతుంది. నల్ల పాప్లిన్ దాదాపు ఎప్పుడూ దిగుతుంది. ట్యాంకులకు నలుపు కావాలి కాబట్టి ముందే ఉప్పు నీళ్లలో కాదు, మామూలు నీళ్లలోనే రంగు రావడం ఆగేదాకా ఉతకాలి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందన్న నమ్మకం ఇంటింటా ఉంది గానీ, ఒకసారి అద్దకం పూర్తయిన గుడ్డకు ఉప్పు ఏమీ చేయదు.

పేర్చే వరుస దూరం నుంచి దగ్గరికి. ముందు ఆకాశం, తర్వాత దూరపు మేడలు, ఆపైన డాబాలు, ట్యాంకులు, చివర్న ఫ్లైఓవర్ గోడ. పైముక్క కప్పే అంచులను మడవక్కర్లేదు, 1 సెంటీమీటరు లోపలికి పోనిస్తే చాలు. బయటికి కనబడే అంచులకు 6 మిల్లీమీటర్ల మడత. నాలుగు పొరలు ఒకచోట పడితే సూది దిగదు, బలవంతం చేస్తే గుడ్డ ముడతపడుతుంది. వెనక నుంచి కింది పొరను కత్తిరించి తీసేయాలి. ఆకాశానికి నీలం కోసం వెతకడం మానేయమని గట్టిగా చెప్తాను. వేసవి సాయంత్రం నాలుగింటికి మన ఆకాశం బూడిద కలిసిన తెలుపు, అట్లాంటి చీర ప్రతి ఇంట్లో ఒకటి దొరుకుతుంది.

ఫ్లైఓవర్ వంపుకు టైలర్లు క్రాస్ పట్టీ అనేదే శరణ్యం. గుడ్డను 45 డిగ్రీల్లో కోస్తే సాగుతుంది, వంగుతుంది. పడుగు దారిలో కోసిన పట్టీ వంపు దగ్గర మొండికేసి కుచ్చులు పడుతుంది. ముందు లోపలి వంపు కుట్టుకోవాలి, తర్వాత బయటి వంపు. బయటిది ముందు కుట్టేస్తే లోపల మిగిలిన గుడ్డ ఎటూ పోలేక ముడత తేలుతుంది, దాన్ని ఇస్త్రీతో కూడా అణచలేం.

ట్యాంకు అడ్డచారల కోసం తెల్ల దారం కుట్టడం చూస్తుంటాం. అక్కర్లేదు. నల్ల ముక్క కింద పలుచటి దూది పొర పెట్టి, నల్ల దారంతోనే అడ్డంగా సాదా కుట్టు వేస్తూ కాస్త బిగిస్తే, మధ్యలో గుడ్డ ఉబ్బి చారలు తమంతట తామే వస్తాయి. వెలుతురు పడ్డ వైపు అవి కనబడతాయి, లేని వైపు కనబడవు, అసలు ట్యాంకుల్లాగే. ఆరేసిన బట్టలకు 2, 3 సెంటీమీటర్ల ముక్కలు, పైఅంచు మాత్రమే కుట్టి కింద వదిలేయాలి. ఫ్యాను వేస్తే కదలాలి. అక్కడ పెద్ద పూల ప్రింటు వాడితే కొలత చెడిపోయి చీర కాస్తా గోడలా కనిపిస్తుంది.

కరెంటు తీగల సంగతి వచ్చేసరికి నాకు పట్టుదల ఎక్కువ. కారులో పైనుంచి పోయేవాడు తీగలను గమనించడు. అందువల్ల ఈ గుడ్డలో అవి ఉండకూడదు, ఎంత అందంగా కుట్టగలిగినా సరే. నడిచేవాడి గుడ్డలో ఉండాలి. ఉండే గుడ్డలో లావు దారాన్ని పైన పరిచి, సన్న పోగుతో 5, 6 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున పట్టి కుట్టాలి. దారాన్ని లాగి పరిస్తే స్కేలుతో గీసినట్టు వస్తుంది. వేలాడాలంటే ఉన్న దూరం కన్నా కాస్త ఎక్కువ దారం వదలాలి. యాంకర్ లచ్చిలో ఆరు పోగులుంటాయి. ఒంటి పోగు ఆరడుగుల దూరానికి మాయమవుతుంది, తీగకు మూడైనా కావాలి. సూదిలోకి ఒకసారికి మూరెడు దారం, అంతకన్నా పొడుగైతే గుడ్డలోంచి పదేపదే దూరి నూగు లేస్తుంది.

కింది గుడ్డ వేరే పని. సిమెంటు బరువు అతుకు ముక్కల్లో రాదు. వరంగల్ జంపఖానా నేత దానికి సరిగ్గా సరిపోతుంది, పేక పడుగును పూర్తిగా కప్పేసి మందంగా, మట్టసంగా వస్తుంది. ఒక చిక్కుంది. పక్కపక్క రంగులు నిలువు గీత దగ్గర కలిస్తే, రెండు పేకలూ అక్కడి నుంచి వెనక్కి తిరిగి మధ్యలో చీలిక మిగులుతుంది. స్తంభమంటేనే నిలువు గీతలు. యూరపులో పాతకాలపు పెద్ద పెద్ద బొమ్మల తెరలు నేసినవాళ్లు చేసిన ఉపాయమే ఇక్కడా పనికొస్తుంది. బొమ్మను పక్కకు పడుకోబెట్టి నేయాలి. స్తంభం అడ్డం తిరిగి, గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే పేకగా పోతుంది, చీలిక ఉండదు. దించాక నిలబెట్టుకోవచ్చు. పేకను బిగించి వేస్తే గుడ్డ నడుము సన్నబడుతుంది. విల్లులా వంచి వేసి, అప్పుడు పంజా అనే పళ్ల దువ్వెనతో దిగగొట్టాలి.

బూడిద రంగు నూలు కొనొద్దు. తెలుపు, నలుపు, మట్టిరంగు పోగులు కలిపి పేనితే వర్షపు చారలు, పోస్టర్ల మరకలు, పాన్ ఉమ్ములు పట్టిన అసలు సిమెంటు వస్తుంది. అంకెలు మాత్రం నేతలో పెట్టకుండా తర్వాత సూదితో కుట్టాలి, అసలు స్తంభాల మీద కూడా అవి కట్టాకే రాశారు కదా.

కలంకారీలో నల్లని గీత

దీని గురించి తక్కువే చెప్తాను, కలంకారీకి నగరం కొత్తేమీ కాదు, చెడగొట్టేది మాత్రం నీళ్లు. కరక్కాయ, గేదెపాలల్లో నానిన గుడ్డ మీద వెదురు కలంతో కసిం గీత గీస్తే నల్లబడుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం వారాల పాటు పులిసిన నీళ్లది కసిం. కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నలుపు పుడుతుంది, పాల కొవ్వు ఆ గీతను పాకనివ్వదు. కసిం మరీ గాఢంగా ఉంటే ఏళ్ల మీద గీత దగ్గరే గుడ్డ చివికిపోతుంది. పాత తెరల్లో బొమ్మలు మిగిలి నల్ల అంచులు రాలిపోయింది అందుకే. పటిక పెట్టి ఎరుపు ఉడికించాక పారే నీళ్లలో కడగాలి, అంటని రంగు వెళ్లిపోయేందుకు. అపార్ట్‌మెంట్ బాత్రూమ్‌లో టబ్బులో జాడిస్తే అదే రంగు తెల్లటి చోట్ల ఎక్కి కూర్చుంటుంది. మన బోరు నీళ్లలో ఇనుముంటే ఎరుపు మాడిపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. మూసీ పక్కనే ఉండి కలంకారీ కడగడానికి నీళ్లు లేని ఊరు మనది. ఆ మాడిన ఎరుపుతోనే మూసీని వేసే పని ఎవరైనా చేస్తే, అది ఫొటో చూసి వేసిన మూసీ కన్నా నిజంగా ఉంటుందని నా నమ్మకం.

ఎదురు ప్రశ్నలు

లాడ్ బజార్‌లో గాజుల కొట్టు నడిపే మనిషికి చార్మినారే రోజూ కనబడే ఊరు కదా, ఆమె చూపు చూపు కాదా అని అడగొచ్చు. ముమ్మాటికీ చూపే. కాకపోతే ఆ కొట్టులోంచి కనబడేది బోర్డులకూ, టార్పాలిన్లకూ, వేలాడే గాజుల వరుసలకూ మధ్యన ఒకటిన్నర మినారు. ఆ ఒకటిన్నర మినారుతో గుడ్డ చేయండి, మొదట చప్పట్లు కొట్టేది నేనే. కథ చెప్పేందుకు గుడ్డ మీద బొమ్మలు వేసే చేర్యాల పటం దీనికి దారి చూపిస్తుంది. అందులో కథలో ఎవరు ముఖ్యమో వాళ్లే పెద్దగా ఉంటారు, దూరం దగ్గర లెక్కలేదు. గాజుల అద్దం ముందు కూర్చున్న పెళ్లికూతురు పెద్దగా, చార్మినార్ ఆమె మోచేతి కింద చిన్నగా ఉంటే ఆ పటాలు వేసే చేర్యాల నకాషీలు ఎవరూ ఆశ్చర్యపోరు.

కొనేవాళ్లు చార్మినారే అడుగుతారు, పనివాడి పొట్ట నిండాలి కదా అనేది ఇంకా బరువైన ప్రశ్న. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. దిండు గలీబుల మీద, సంచుల మీద చార్మినార్ కుట్టి బతికే ఇళ్లు ఉన్నంతకాలం ఆ బొమ్మ ఉండాలి. గోడకు పెట్టి “నగరం మీద నా చూపు” అని చీటీ రాసినప్పుడే ఇబ్బంది.

ఫొటోను నేరుగా గుడ్డ మీద అచ్చేసే మిషన్లు ఉండగా ఇదంతా దేనికని మూడో ప్రశ్న. అచ్చులో 400 కిటికీలకు ఎంత ఖర్చో నాలుగింటికీ అంతే. కుట్టులో ప్రతి కిటికీకి పావుగంట. 400 కుట్టలేరు కాబట్టి వెలుగుతున్న పదకొండు ఎంచుకుంటారు. ఏ పదకొండు అన్న దగ్గరే చూసిన మనిషి దొరికిపోతాడు. అమెరికా చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ 1988లో హార్లెమ్ మేడపైని బొంతగా చేసినప్పుడు న్యూయార్క్ అంతా కిటికీ వెలుగులు, ఒక వంతెన మాత్రమే అయ్యింది. ముందు భాగమంతా తారు డాబా మీద భోజనాల బల్ల, పేకాడే పెద్దవాళ్లు, పరుపు మీద పడుకుని ఆకాశం చూసే పిల్లలు. వంతెన మీదుగా ఎగిరేది ఆ పిల్లల్లోని అమ్మాయే. చిలీలో 1973 తర్వాత సైనిక పాలనలో ఆడవాళ్లు గోనెగుడ్డ మీద చింకి ముక్కలతో తమ పేట వీధులు కుట్టారు. వెనక ఆండీస్ కొండలు, సూర్యుడు, ముందు ఖాళీ కుర్చీలు, నీళ్ల క్యూలు. కనబడకుండా పోయినవాళ్ల బట్టల ముక్కలే కొన్నింట్లో వాడారు. ఆ పనికి ఫొటో అచ్చు ఎట్లా సాటి వస్తుంది?

సూది పట్టిన చెయ్యి

నాకు నిజంగా తెగని సందేహం ఇది. పాతబస్తీ సందుల్లో మగ్గం వర్కు కార్ఖానాలో గుడ్డ బిగించిన చట్రం, అంటే కార్చోబ్ చుట్టూ నలుగురు కూర్చుంటారు. బొమ్మ ట్రేసింగ్ కాగితం మీద ఉంటుంది, గీతల వెంట సూదితో పొడిచి చిల్లులు పెట్టి ఉంటాయి. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్ల పొడిని గుడ్డ ఉండతో రుద్దితే చుక్కలు దిగుతాయి. కిరసనాయిలు ఎక్కువైతే చుక్కలు పాకి గీత రెండు గీతలవుతుంది. కొక్కెం మొన ఉన్న ఆరీ సూది పైనుంచి దిగుతుంది, దారం పట్టిన ఎడమ చెయ్యి గుడ్డ కింద ఉంటుంది, కంటికి కనబడదు. ఫ్రేము మీద లాగి కట్టిన గుడ్డ దించగానే సర్దుకుంటుంది. అందుకే దట్టమైన పని ఉన్నచోట కింద మల్మల్ పొర లేకపోతే మూతి ముడిచినట్టవుతుంది.

నలుగురిలో ఇద్దరు బొమ్మకు తల వైపు కూర్చుంటారు. పని అయ్యేదాకా వాళ్లకు ఊరు తలకిందులే. రోజుకూలీ తీసుకుని లేచిపోతారు. గోడ మీది చీటీలో పేరు గీసినవాళ్లది. “వ్యక్తి చూపు” అని రాసిన చోట ఆ వ్యక్తి ఎవరన్న ప్రశ్న గొంతులో ముల్లులా తగులుతుంది.

ఖాకాలో, అంటే ఆ చిల్లుల కాగితం మీది బొమ్మలో, ఒక్కొక్కరికీ జానెడు చోటు ఖాళీగా వదిలి, “ఇక్కడ నీ గల్లీ కుట్టు భాయ్” అనొచ్చు కదా అని ఒక ఆలోచన. వెంటనే మరో ఆలోచన అడ్డొస్తుంది. కూలీ మీద పనిచేసే మనిషికి గీత స్పష్టంగా ఉండటమే సుఖం, ఖాళీ చోటు ఇంకో బరువు. ఆలోచించే పూటకు కూడా కూలీ కట్టిస్తేనే ఆ మాట అనే హక్కు వస్తుంది. ఆ ఖాళీలో ఆయన చార్మినారే కుట్టాలనుకుంటే దాన్ని విప్పించే హక్కు మాత్రం ఎవరికీ రాదు. రాయదుర్గంలో సురయ్యా హసన్ బోస్ హిమ్రూ, మష్రూ అనే పట్టు, నూలు కలిపిన నేతల మగ్గాలు మళ్లీ నడిపించి, భర్తలు పోయిన ఆడవాళ్లకు నేత నేర్పారు. ఆమె 2021లో పోయారు. ఆ చుట్టూ అద్దాల మేడలు లేస్తుంటే లోపల బొమ్మను నడిపే దారాల జాల కట్టిన మగ్గాలు ఆడాయి. ఆ మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఆ మేడలు ఎట్లా కనబడేవో చెప్పే గుడ్డ ఒక్కటి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

చేతిలో ఉన్న పని ఒకటుంది, అది రేపే మొదలుపెట్టొచ్చు. వేలాడదీసే కడ్డీ కోసం వెనక పైఅంచున 10 సెంటీమీటర్ల గొట్టంలా గుడ్డ కుడతాం. ఆ కుట్టు ముందువైపు గుడ్డ దాకా పోకూడదు, అడుగు పొరనే పట్టాలి. దాని కిందనే ఒక పట్టీ. అందులో ఎక్కడి నుంచి చూసింది, ఏ దిక్కు, ఏ నెల, ఏ పూట, చూసిందెవరు, కుట్టిందెవరు. అత్తాపూర్, పిల్లర్ కింద, పడమటి వైపు, జూన్, వాన వెలిసాక. కుట్టినవాళ్లు నలుగురైతే నాలుగు పేర్లూ, ఎవరి పేరు వాళ్ల చేత్తోనే, ఉర్దూలో రాసేవాళ్లు ఉర్దూలో, తెలుగులో రాసేవాళ్లు తెలుగులో. నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ, రెండు పోగుల దారం సరిపోతాయి.